లెగసీ ఉందని ఈడీ వేస్తున్నారా? నాన్న ఎంఎస్ చాలాచోట్ల లెక్కలోకి రాదు, జాగ్రత్త

అమెరికాలో ఈ ఏడాది సీనియర్ ఇయర్‌లో (పన్నెండో తరగతిలో) ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. "నాన్న చదివిన యూనివర్సిటీయే కదా, నవంబర్ 1 లోపు ఈడీ వేస్తే సీటు ఖాయం" అంటూ వేల డాలర్లకు ప్యాకేజీలు అంటగట్టే కన్సల్టెంట్లున్నారు. (ఈడీ అంటే ఇళ్ల మీద దాడులు చేసే ఈడీ కాదు, ఎర్లీ డెసిషన్, అంటే సీటొస్తే చేరి తీరతామని ఒప్పుకుని ముందుగా వేసే అప్లికేషన్. ఇరుక్కుంటే బయటపడటం దీంట్లోనూ కష్టమే.) డబ్బు కట్టేముందు ఆ లెగసీ (పూర్వ విద్యార్థుల పిల్లలకి అడ్మిషన్‌లో ఇచ్చే మొగ్గు) అసలుందో లేదో చూసుకోండి.

మనవాళ్లకి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. చాలామంది జేఎన్‌టీయూలోనో ఉస్మానియాలోనో బీటెక్ చేసి, ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చినవాళ్లు. హార్వర్డ్‌లో లెగసీ అంటే అమ్మో నాన్నో అక్కడే అండర్‌గ్రాడ్ (బ్యాచిలర్స్ డిగ్రీ) చదివి ఉండాలి. ఎంఎస్, ఎంబీఏ పనికిరావు. స్టాన్‌ఫర్డ్ మాత్రం గ్రాడ్యుయేట్ డిగ్రీని కూడా కలుపుకుంటుంది. ఏ కాలేజీ లెక్క దానిదే. "తండ్రి ఇక్కడ ఎంఎస్ చేశారు, లెగసీ కింద చూస్తారా?" అని అడ్మిషన్స్ ఆఫీసుకి రెండు లైన్ల మెయిల్ పెట్టి అడగొచ్చు. దానికి కన్సల్టెంట్ ఎందుకు?

కొన్నిచోట్ల లెగసీకి విలువే లేదు. ఎంఐటీ, కాల్‌టెక్ చూడవు. జాన్స్ హాప్కిన్స్, ఆమ్హెర్స్ట్, వెస్లియన్ మానేశాయి. వర్జీనియా పబ్లిక్ యూనివర్సిటీల్లో 2024 జూలై 1 నుంచి చట్టమే నిషేధించింది. కాబట్టి యూవీఏలో (యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా) ఈడీ ఉన్నా, అక్కడి అమ్మ డిగ్రీ ఫైల్లో ఓ వివరం, అంతే. తేల్చుకోవడం తేలికే: కాలేజీ పేరుకి "కామన్ డేటా సెట్" అని చేర్చి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో సీ7 పట్టికలో అలమ్నై రిలేషన్ (లెగసీకి వాళ్ల పేరు) వరస చూడండి. టిక్ "నాట్ కన్సిడర్డ్" గడిలో ఉంటే ఆ మాట అక్కడితో సరి. సీ21లో ఈడీకి ఎందరు అప్లై చేశారు, ఎందరికి సీటొచ్చింది అన్న అంకెలుంటాయి. ఆ శాతం చూసి మురిసిపోకండి. కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉంటారు.

అసలు నష్టం డబ్బు దగ్గర. ఈడీ ఒప్పందం మీద విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్, ముగ్గురూ సంతకం చేస్తారు. డిసెంబర్ మధ్యలో సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. స్టేట్ యూనివర్సిటీ ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌తో పోల్చి బేరమాడే వీలుండదు. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఖర్చు ఏడాదికి 90,000 డాలర్లు దాటింది. ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) చాలలేదని చెప్పి తప్పుకోవచ్చు, కానీ ముందే ఎయిడ్‌కి అప్లై చేసినవాళ్లకే ఆ దారి.

అందుకే సంతకానికి ముందు కాలేజీ సైట్లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో (ఎయిడ్ పోను మీకెంత పడుతుందో అంచనా చెప్పేది) ట్యాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని అసలు అంకెలు వేయండి. సొంత వ్యాపారమో, అద్దెకిచ్చిన ఇల్లో ఉంటే ఆ అంచనా తప్పే అవకాశం ఎక్కువ. సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఎయిడ్ కోసం ఆస్తులు, ఆదాయం చూపే ఫారం) అడిగే కాలేజీకైతే హైదరాబాద్ ఫ్లాటు, ఊళ్లో పొలం కూడా చూపించాల్సిందే.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లల తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్త. ఫెడరల్ ఎయిడ్ రాదు. చాలా కాలేజీలు వీళ్లని ఇంటర్నేషనల్ కిందే కట్టి, డబ్బు అవసరాన్ని కూడా సీటు నిర్ణయంలో చూస్తాయి. సీటొస్తే చాలని "ఎయిడ్ అక్కర్లేదు" అని టిక్ పెడితే, ఆ తర్వాత నాలుగేళ్లూ అడగనివ్వని కాలేజీలున్నాయి. కన్సల్టెంట్ ఆ టిక్ పెట్టమంటే అక్కడే ఆగి, రూలు కాలేజీ పేజీలో చదవండి.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఈడీ లేదు. అక్కడిది కట్టుబడక్కర్లేని ఎర్లీ యాక్షన్, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. కాకపోతే వేరే ప్రైవేటు కాలేజీలకి ఎర్లీలో వేయకూడదు.

ఈడీలో రిజెక్ట్ అయితే ఆ కాలేజీకి ఆ ఏడాది మళ్లీ వేయలేరు. డిఫర్ అయితే (నిర్ణయాన్ని రెగ్యులర్ రౌండ్‌కి వాయిదా వేస్తే) ఒప్పందం వదిలినట్టే. జనవరి మొదట్లో వేరే కాలేజీకి ఈడీ-2 (ఈడీ రెండో విడత) వేసుకోవచ్చు, ఆ అప్లికేషన్ వ్యాసాలు డిసెంబర్ ఫలితానికి ముందే రాసి ఉంచుకుంటే.