బిలవెడ్ ముందా, సింగ్ అన్‌బరీడ్ సింగ్ ముందా?

భయం కోసం కాక, పాత గాయం ఎలా మానుతుందో చూడాలని దయ్యాల నవలలు వెతికేవాళ్లు నన్ను పదేపదే అడుగుతున్నారు: టోనీ మోరిసన్ ‘బిలవెడ్’ (1987) మేలా, జెస్మిన్ వార్డ్ ‘సింగ్, అన్‌బరీడ్, సింగ్’ (2017) మేలా? జవాబు చెప్పాలంటే రెండు కథల ముగింపులూ విప్పక తప్పదు.

చివరికి దయ్యం వెళ్లిపోయిందా లేదా అన్నది నాకంత ముఖ్యం కాదు. దయ్యం పట్టిన ఇంటి గడప దాకా బతికున్నవాళ్లు ఎవరైనా వచ్చారా అన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న.

వార్డ్ నవలలో దయ్యం రిచీ, తిండి దొంగిలించాడని పన్నెండేళ్లకే మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలుపాలైన పిల్లాడు. తనెలా చనిపోయాడో వాడికే తెలియదు. అది తెలిసిన మనిషి, కథలోని పిల్లాడు జోజోకి తాత. ఆయన ఆ కథ చెప్పినప్పుడల్లా చివరి ముక్క దగ్గర ఆగిపోతాడు. చివరికి నోరు విప్పి కుప్పకూలితే పదమూడేళ్ల మనవడే ఆయన్ను పట్టుకుంటాడు. రిచీకి మాత్రం విముక్తి దొరకదు. నిజం బయటపడితే చాలు, ఆత్మ శాంతిస్తుందన్న తేలిక పరిష్కారానికి వార్డ్ లొంగలేదు. అందుకు ఆమె మీద నాకు ఎంతో గౌరవం. కానీ అక్కడ ఓదార్పు ఆ కుటుంబం దాటి బయటికి రాదు.

‘బిలవెడ్’లో గాయం ఊరిది కూడా. 1856లో బానిసత్వం నుంచి పారిపోయి, పట్టుబడే క్షణంలో కన్నకూతుర్ని చంపిన మార్గరెట్ గార్నర్ ఉదంతం ఆ నవలకు మూలం. మోరిసన్ దానికి ఒక విందు కలిపింది. పారిపోయి వచ్చిన తల్లి సెథెకు అత్త బేబీ సగ్స్. ఆమె ఇంట్లో ఊరివాళ్లు తొంభై మంది కడుపునిండా తిన్నారు, ఆ కలిమి చూసి ఓర్వలేకపోయారు. ఆ తర్వాత సెథెను పట్టుకుపోవడానికి గుర్రాల మీద మనుషులు వస్తుంటే ఒక్కరూ పరుగున వచ్చి హెచ్చరించలేదు. సెథె చేతిలో బిడ్డ చనిపోవడంలో ఆ మౌనానికీ పాలుంది. అందుకే ఏళ్ల తర్వాత, ఆ బిడ్డ దయ్యమై తిరిగొచ్చిన ఇంట్లోంచి సెథె ఇంకో కూతురు డెన్వర్ ఆకలితో వాకిలి దాటి సాయం అడగడం నాకు నవల మొత్తంలో అతి పెద్ద సంఘటన. రెండు రోజులకే వాకిట్లోకి తిండి రావడం మొదలవుతుంది. కొన్ని గిన్నెలతో పాటు పంపినవాళ్ల పేర్లు రాసిన చీటీలుంటాయి. ఆ గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వెళ్తూనే ఆ పిల్ల ఊరిని ఎరుగుతుంది, ఊరు ఆమెను ఎరుగుతుంది. ఆఖరికి ముప్ఫై మంది ఆడవాళ్లు ఆ ఇంటి ముందు నిలబడి గొంతెత్తినప్పుడు, సెథెను కాపాడడంతో పాటు అప్పుడు రాలేకపోయిన తమ బాకీ కూడా తీర్చుకుంటున్నారు. నావాళ్లు అనుకోవడానికి మనుషులు దొరకడం ఎలా ఉంటుందో ఇంత స్పష్టంగా చూపిన దయ్యం కథ నేను ఇంకొకటి చదవలేదు.

జార్జ్ సాండర్స్ ‘లింకన్ ఇన్ ద బార్డో’ పేరు కూడా కొందరు ఎత్తుతారు. 2017 బుకర్ వచ్చిన మంచి నవలే. అందులో మాటలు ఎక్కువగా చనిపోయినవాళ్లవే కాబట్టి మన ప్రశ్నకు దూరం.

కాబట్టి ముందు ‘బిలవెడ్’. మొదటి పేజీల్లో ఎవరు ఎవరో, కాలం ఏదో అర్థం కాదు. కంగారు పడకుండా సాగండి, డెన్వర్ గడప దాటేది మూడో భాగంలో. ఇంట్లో పెద్దవాళ్లు దాచిన కథ ఏదో మిమ్మల్ని తొలుస్తుంటే మాత్రం వార్డ్‌తోనే మొదలుపెట్టండి. ఈమధ్యే బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ‘బిలవెడ్’ మీ అంతట మీరు ఇవ్వకండి, వాళ్లు అడిగితే ఇవ్వండి.