కార్బొరేటర్ రిపేర్ కిట్: రబ్బరు వాడుకోండి, ఇత్తడి పక్కన పెట్టండి

ఆర్ఎక్స్ 100కో, పాత బుల్లెట్‌కో స్పేర్ పార్టుల షాపులో కార్బొరేటర్ కిట్ అడిగితే చిన్న ప్లాస్టిక్ కవరొకటి చేతిలో పెడతారు. ధర మామూలుగా మూడు వందల లోపే. లోపల పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నరంధ్రాల ఇత్తడి మరలు, అంటే మెయిన్ జెట్, స్లో జెట్, ఇంకా నీడిల్, దాని క్లిప్, నీడిల్ జెట్, సీటుతో సహా ఫ్లోట్ వాల్వు, ఎయిర్ స్క్రూ, ఐడిల్ స్క్రూ, స్ప్రింగులు, రెండు మూడు ఓ రింగులు, కింది గిన్నెకు ప్యాకింగ్ ఉంటాయి. బండి లీన్ కొడుతోందనగానే, అంటే గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదనగానే, ఈ కవరు విప్పి అన్నీ మార్చేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. దాంతో నయం కావాల్సిన బండి ఇంకాస్త లీన్ అయి తిరిగొస్తుంది. మికుని వీఎం రకం స్లైడ్ కార్బొరేటర్లకు కంపెనీ పేరు లేకుండా దొరికే ఈ కిట్లలో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదే ఈ రివ్యూ.

ముందు ఒక మాట. జెట్ల లాంటి ఇత్తడి భాగాలు అరిగితే మిక్స్చర్ లీన్ కాదు, రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ ఎక్కువవుతుంది. నీడిల్ జెట్ రంధ్రం కోలగా అరిగితే నీడిల్ పక్కనుంచి పెట్రోల్ ఎక్కువే పోతుంది. జెట్‌లో ఎవరైనా ఇనుప తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై అప్పుడూ రిచ్చే. లీన్ అయిందంటే చాలావరకు జెట్ పూడుకుపోయి ఉండాలి, గిన్నెలో పెట్రోల్ మట్టం తగ్గి ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి లోపలికి పోతుండాలి. ఈ మూడింటిలో దేనికీ కొత్త ఇత్తడి అక్కర్లేదు.

లీన్ అవునో కాదో తేల్చుకోవడం తేలిక. ఇంజిన్ బాగా వేడెక్కాక చోక్ సగం లాగి చూడండి. పికప్ పెరిగితే లీన్, బండి గుటకలు వేసి మొద్దుబారితే కాదు. రేస్ ఒక్కసారిగా వదిలితే ఆర్‌పీఎం వెంటనే దిగకుండా పైనే వేలాడటం, పల్లంలో రేస్ మూస్తే సైలెన్సర్‌లో టపటపలు, గభాలున రేస్ ఇస్తే కార్బొరేటర్ నోటి నుంచి తుమ్ము, ఇవన్నీ అదే జాతి లక్షణాలు. ప్లగ్గు పింగాణీ గోధుమ రంగులో కాకుండా సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. టూ స్ట్రోక్‌లో దీన్ని నిర్లక్ష్యం చేస్తే పిస్టన్ పట్టేస్తుంది, కొన్నిసార్లు పిస్టన్ తలకే బొక్క పడుతుంది. ఫోర్ స్ట్రోక్ కొంతకాలం ఓర్చుకుంటుంది, ఈలోగా ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంటుంది.

కిట్ మీద మొదటి ఫిర్యాదు లోపలున్న వస్తువు గురించి కాదు, లేనిదాని గురించి. ఆర్ఎక్స్ 100లో లీన్‌కు తరచూ కారణమయ్యేది కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యనుండే రబ్బరు జాయింట్. బయటికి బాగానే కనిపిస్తుంది. విప్పి రెండు బొటనవేళ్లతో వంచి చూస్తే లోపలి మడతలో పగుళ్లు తెరుచుకుంటాయి. ఇది కిట్‌లో రాదు, విడిగా కొనాలి. ఐడిలింగ్‌లో ఉన్న బండికి ఈ జాయింట్ చుట్టూ సబ్బునీళ్లు స్ప్రే చేయండి. ఆర్‌పీఎం మారినా, నురగ లోపలికి పీల్చుకున్నా దొంగ దొరికినట్టే. కార్బొరేటర్ క్లీనర్‌తోనూ ఇలాగే చూడొచ్చు కానీ వేడి సైలెన్సర్ పక్కన అది మంటకు దారి, సబ్బునీళ్లే మేలు. టూ స్ట్రోక్‌లో ఇంకో చోటు కూడా చూడాలి: ఎడమవైపు మాగ్నెటో వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీల్. అది గట్టిపడితే గాలి నేరుగా క్రాంక్‌కేసులోకే పోతుంది. కుడివైపు క్లచ్ పక్క సీల్ పోతే గేర్ ఆయిల్ కాలి పొగ వస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. ఎడమవైపుది ఏ గుర్తూ చూపకుండా ఇంజిన్‌ను తినేస్తుంది. ఆ సీల్ పోయిన బండికి ఎన్ని జెట్లు మార్చినా ఫలితం ఉండదు.

పెట్రోల్ సరిగ్గా దిగుతోందా అన్నది రెండో పరీక్ష. పైపు పీకి ట్యాప్ తెరిస్తే నిమిషంలో ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. పడాలి. చుక్కలుగా పడితే ట్యాప్ ఫిల్టర్ తీసి కడగండి. మొదట బాగా పడి తర్వాత సన్నబడితే ట్యాంకు మూత గాలిరంధ్రం పూడుకుందని అర్థం. పది కిలోమీటర్లు పోయాక ఆగి, మూత తెరవగానే ఉస్సుమని మళ్లీ స్టార్టయ్యే బండ్ల జబ్బు ఇదే.

ఇక కిట్‌లోకి వద్దాం. ఓ రింగులు, ప్యాకింగ్ వరకు ఖర్చుకు న్యాయం జరుగుతుంది. కార్బొరేటర్‌ను రెండు బోల్టులతో ఇంజిన్‌కు బిగించే రకాల్లో ఫ్లాంజ్ ముఖం మీద ఉండే పెద్ద ఓ రింగ్ చదునుగా అణిగిపోయి గాలి లాగుతుంటుంది. వేలితో తడిమితే గాడి అంచు కంటే రింగు కాస్తయినా పైకి తగలాలి. తగలకపోతే మార్చేయండి, కిట్‌లోది చాలు. బోల్టులు అతిగా బిగించిన కార్బొరేటర్‌కు ఫ్లాంజే విల్లులా వంగి ఉంటుంది. అద్దం పలక మీద 400 నంబరు ఎమరీ పేపర్ పరిచి, ముఖాన్ని ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా రుద్దితే చదునవుతుంది. గిన్నె ప్యాకింగ్ మారిస్తే పెట్రోల్ కారడం ఆగుతుందే తప్ప లీన్‌కు దానితో సంబంధం లేదు. ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తది వేసేయండి.

గిన్నె నిండగానే పెట్రోల్ దారి మూసే ఫ్లోట్ వాల్వు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఓవర్‌ఫ్లో అవుతుంటే కొత్తది వేయాల్సిందే. కానీ బిగించే ముందు పాత వాల్వు సూదినీ కొత్తదాన్నీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఈ కిట్లలో సూది అర మిల్లీమీటరు పొడుగ్గా రావడం మామూలే. సూది పొడుగైతే ఫ్లోట్ త్వరగా మూసుకుంటుంది, గిన్నెలో మట్టం తగ్గుతుంది, స్లో నుంచి ఫుల్ రేస్ దాకా అన్నిచోట్లా లీన్ అవుతుంది. లీన్ బాగుచేద్దామని కొన్న కిట్టే లీన్ తెచ్చిపెట్టేది ఇలాగే. పొడుగు తేడా ఉంటే ఫ్లోట్ మీది ఇత్తడి నాలుకను సన్నముక్కు ప్లయర్‌తో కొంచెం వంచి, మీ మోడల్ మాన్యువల్‌లో చెప్పిన ఫ్లోట్ ఎత్తుకు తెచ్చుకోవాలి. కొలిచేటప్పుడు కార్బొరేటర్‌ను పూర్తిగా బోర్లించకండి. కాస్త ఏటవాలుగా పట్టుకుని, సూది తలలోని స్ప్రింగు పిన్ను నొక్కుకుపోకుండా నాలుక దాన్ని తాకీ తాకనట్టుండగా కొలవాలి. పిన్ను నొక్కుకుంటే కొలత తప్పుతుంది.

ఇత్తడి విషయంలో ఈ కిట్లను అస్సలు నమ్మొద్దు. జెట్ మీద నంబరు ఉంటుంది, రంధ్రం దానికి తగ్గట్టు ఉంటుందన్న హామీ ఉండదు. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం అంచున డ్రిల్ వదిలిన ఇత్తడి పీచు కనిపిస్తుంది. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 10 మి.లీ. సిరంజి కడ్డీ తీసేసి, ముక్కుకు చిన్న రబ్బరు పైపుతో జెట్ బిగించి, నిలువుగా పట్టుకుని పెట్రోల్ నింపండి. మొత్తం ఖాళీ కావడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టండి. ఇదంతా ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. శుభ్రం చేసిన పాత జెట్‌కూ అదే నంబరున్న కిట్ జెట్‌కూ సెకన్లలో తేడా వస్తే కిట్ జెట్ వాడకండి. ఒరిజినల్ మికుని జెట్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది. అది చూసి కొనండి. నకిలీల మీదా గుర్తు కొడుతున్నారు కాబట్టి సెకన్ల పరీక్ష మాత్రం మానొద్దు. ఇంకో కార్బొరేటర్ కంపెనీ కైహిన్ జెట్ నంబరునూ మికుని నంబరునూ పోల్చకూడదు. కైహిన్‌లో నంబరు రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది, మికుని ఆరు పలకల మెయిన్ జెట్‌లో ప్రవాహాన్ని చెబుతుంది. రెండింటి 100 ఒకటి కాదు.

కిట్‌లోని నీడిల్ వాలు కూడా ఒరిజినల్‌తో సరిపోలదు. మీ పాత నీడిల్ వంగకుండా, గీతలు లేకుండా ఉంటే దాన్నే ఉంచుకోండి. ఎయిర్ స్క్రూ మొన మొద్దుగా ఉంటే పావు తిప్పుకు రావాల్సిన తేడా రాదు, ట్యూనింగ్ అసలు కుదరదు. స్ప్రింగు మాత్రం కిట్‌లోది వాడుకోవచ్చు.

మరి పాత ఇత్తడిని ఏం చేయాలి? కడగాలి, అంతే. స్లో జెట్ రంధ్రం గుండుసూది కంటే సన్నం. రెండు మూడు వారాలు నిలిపి ఉంచిన బండిలో పెట్రోల్ జిగటై అక్కడే పట్టేస్తుంది. కార్బొరేటర్ క్లీనర్‌లో అరగంట నానబెట్టి గాలి కొట్టండి. అప్పటికీ తెరుచుకోకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు, గుండుసూది వద్దు. బాడీలోని దారులు కూడా చూడాలి. ఎయిర్ స్క్రూ తీసి ఆ రంధ్రంలోకి క్లీనర్ కొడితే స్లైడ్ కింద, ఇంజిన్ వైపున్న చిన్న రంధ్రాల నుంచి సన్నటి ధారలు బయటికి చిమ్మాలి. ఒక్కటే చిమ్మితే పని సగమే అయిందని లెక్క. కళ్లజోడు పెట్టుకోకుండా ఈ పని చేయకండి, ధార సరిగ్గా కంటికే తగులుతుంది.

బిగించాక ట్యూనింగ్. పది నిమిషాలు నడిపి ఇంజిన్ వేడెక్కనివ్వండి. ఎయిర్ స్క్రూను మెత్తగా ఆగేదాకా మూసి ఒకటిన్నర తిప్పు వెనక్కి తెరవండి. బలంగా బిగిస్తే మొన విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. ఐడిల్ కొంచెం పెంచి, పావు తిప్పు చొప్పున కదుపుతూ ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ వదిలేసి ఐడిల్ తగ్గించండి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, లోపలికి తిప్పితే రిచ్. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ను అదుపు చేస్తుంది, బయటికి తిప్పితే రిచ్. ఈ తేడా తెలియక లీన్ బండిని మరింత లీన్ చేసే మెకానిక్కులు తక్కువేం లేరు. గాలి స్క్రూ ఒక తిప్పు కంటే తక్కువలోనే కుదిరితే స్లో జెట్ చిన్నదని అర్థం, ఒక మెట్టు పెంచండి. రెండున్నర దాటితే పెద్దదని అర్థం.

పావు రేస్ నుంచి ముప్పావు దాకా పికప్ లేకపోతే నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి దించండి. అప్పుడు నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఫుల్ రేస్‌లో మాత్రమే లీన్ అయితే మెయిన్ జెట్. దాన్ని సరిచూడటానికి ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో కాసేపు ఫుల్ రేస్ ఇచ్చి, క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, పక్కన నిలిపి ప్లగ్గు విప్పాలి. ఐడిలింగ్‌లో ఇంటికొచ్చి చూసిన ప్లగ్గు ఐడిలింగ్ గురించే చెబుతుంది.

ఈ20 పెట్రోల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 దగ్గర సరిపోతుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. అంటే అదే జెట్‌తో అదే బండి తొమ్మిది శాతం దాకా లీన్ అవుతుంది. ఫుల్ రేస్‌లో కంపెనీ సెట్టింగ్ ఎలాగూ కాస్త రిచ్‌గానే ఉంటుంది కాబట్టి ఆ తొమ్మిదీ పెంచనక్కర్లేదు. మెయిన్ జెట్ 90 ఉంటే 92.5, అప్పటికీ ప్లగ్గు తెల్లగానే ఉంటే 95. అంతకుమించి పోవాల్సి వస్తే తప్పు జెట్‌లో లేదు, దొంగగాలి కోసం మళ్లీ వెతకండి. ఫిల్టర్ బాక్స్ పీకేసి చిన్న ఫిల్టర్ పెట్టిన ఆర్ఎక్స్‌లది వేరే లెక్క. వాటికి పెద్ద జెట్‌తో మొదలుపెట్టి కిందికి దిగుతూ రావాలి. చిన్నదానితో మొదలుపెట్టి పైకెక్కే ప్రయత్నంలోనే పిస్టన్ పట్టేయొచ్చు.

మే నెల ఎండలో ట్యూన్ చేసిన బండి డిసెంబరులో ఆదిలాబాద్ చలికి మళ్లీ లీన్ అవుతుంది. చల్లగాలి చిక్కన, గాలి బరువు పెరుగుతుంది కానీ జెట్ పెరగదు. ఎండకు లీన్ అవుతుందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, నిజం దానికి తలకిందులు. అందుకే ఫైనల్ సెట్టింగ్ చలికాలం ఉదయం చూసుకోవడం క్షేమం.

కొనేటప్పుడు పాత మెయిన్ జెట్, పాత ఫ్లోట్ వాల్వు జేబులో వేసుకెళ్లండి. కవరు చింపకుండానే మరలు, సూది పొడుగు పోల్చి చూడనిచ్చే షాపులోనే కిట్ తీసుకోండి. ఒరిజినల్ జెట్ విడిగా, రబ్బరు జాయింట్ విడిగా కొనండి. మిగిలిన కిట్ ఇత్తడిని పాత జెట్లున్న డబ్బాలో మాత్రం కలపకండి, రేపు ఏది ఏదో తేల్చుకోలేరు.