లాసెట్ వెబ్ ఆప్షన్లు "మేమే పెట్టిస్తాం" అనేవాళ్లతో జాగ్రత్త (గుంటూరు, విజయవాడ తల్లిదండ్రులకు)

బ్రాడీపేటలో మేడ మీద ఉన్న ఆ అడ్మిషన్ల కన్సల్టెన్సీ గురించే రాస్తున్నాను. పేరు రాయను. ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి ఆటోల వెనకా కరెంటు స్తంభాల మీదా వాళ్ల కాగితాలే, గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విజయవాడలో కూడా బ్రాంచి ఉందట, బెంజి సర్కిల్ వైపు. నిన్న సాయంత్రం అక్కడి నుంచి మెట్లు దిగి వచ్చాను, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ముందూ వెనకా అయితే సర్దుకుని చదవండి.

మా అక్క కూతురు ఇంటర్ అవగానే ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్, అంటే లా కాలేజీల ఎంట్రన్స్, రాసింది. కోచింగ్ గీచింగ్ ఏమీ లేదు. 120 ప్రశ్నలు, గంటన్నర టైము, నెగెటివ్ మార్కులు లేవు, సగం పేపరు లా ఆప్టిట్యూడే. పాత పేపర్లు ముందేసుకుని తనే చదువుకుంది, ర్యాంకు బాగానే తెచ్చుకుంది. గుంటూరులోనే సీటు వస్తుందని తెలిసిన లాయర్లు కూడా అన్నారు. ఇంతవరకూ పిల్ల కష్టం. ఇక్కడి నుంచి మేనమామ తెలివి.

పరీక్ష ముందే అయిపోతుంది, కౌన్సెలింగ్ మాత్రం ఎప్పుడో దేవుడికే ఎరుక. బీటెక్‌లో చేరిన పిల్లలు క్లాసులకు వెళ్లిపోతుంటే లా పిల్లలు నోటిఫికేషన్ కోసం నెలల తరబడి ఫోను చూసుకుంటూ కూర్చోవాలి. ఇంట్లో ఆ టెన్షన్ చూడలేక అక్కనీ బావనీ నేనే అక్కడికి తీసుకెళ్లాను. ఏసీ గది, గోడ నిండా కాలేజీల ఫొటోలు, "మా దగ్గర 100 శాతం క్వాలిఫై" అని బోర్డు. 120కి 42 వస్తే క్వాలిఫై, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. దానికి బోర్డు ఎందుకో అప్పుడు తట్టలేదు.

మొదటి రోజే ఆ కన్సల్టెన్సీ అతను ఇంకో మాట అన్నాడు. "లాసెట్ ర్యాంకు మీద వైజాగ్ నేషనల్ లా యూనివర్సిటీలో కూడా ట్రై చేద్దాం సార్, లోపల మనవాళ్లున్నారు" అని. అక్కడ, అంటే దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలో, సీట్లు క్లాట్ అనే వేరే జాతీయ ఎంట్రన్స్ మీద ఇస్తారు, ఆ క్లాట్ ముందటి డిసెంబరులోనే అయిపోతుంది. లాసెట్ ర్యాంకు కార్డు సబ్బవరంలో ఉన్న ఆ యూనివర్సిటీ గేటు దాటడానికి కూడా పనికిరాదు. ఆ మాటకే లేచి వచ్చేయాల్సింది. రాలేదు, టీ ఇచ్చారు కదా, తాగుతూ కూర్చున్నాం.

రిజిస్ట్రేషన్, వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్లో వరసగా పెట్టుకోవడం) అన్నీ కలిపి పాతిక వేలు అన్నాడు. ముందు పదిహేను కట్టాం. ఒరిజినల్స్ కూడా అడిగాడు, "వెరిఫికేషన్‌కి కావాలి సార్" అంటూ. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ మొత్తం కవరులో పెట్టి ఇచ్చేశాం. నిజానికి లాసెట్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఆన్‌లైన్లోనే జరుగుతుంది, స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తే చాలు.

ఇక ఆప్షన్ల రోజు. మానిటర్ తనవైపు తిప్పుకుని కూర్చున్నాడు. టకటకా ఏదో కొడుతున్నాడు. పాస్‌వర్డ్ కూడా అతనే పెట్టాడు. మధ్యలో తల ఎత్తకుండానే "ఓటీపీ చెప్పమ్మా" అన్నాడు, పిల్ల తన ఫోన్లో చూసి చెప్పింది. ఏ కాలేజీలు పెట్టారండీ, ఒకసారి ప్రింట్ ఇస్తారా అని బావ అడిగితే "ఎందుకు సార్ కాగితం దండగ, పాతిక కాలేజీలు పెట్టాను, గుంటూరూ బెజవాడా ముందే ఉన్నాయి" అన్నాడు.

అలాట్‌మెంట్ వచ్చింది. ఎప్పుడూ పేరు వినని కాలేజీ, పక్క జిల్లా కూడా కాదు, బస్సులో సగం రోజు. సరే, ఈసారి పోటీ ఎక్కువేమో, ర్యాంకు చాలలేదేమో అనుకున్నాం. పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తరవాత తెలిసింది, తనకంటే బాగా వెనక ర్యాంకు, అదే కేటగిరీ, తనతో ఇంటర్ చదివిన అమ్మాయికే గుంటూరులో సీటు వచ్చిందని. అప్పుడు మా పిల్లే పాస్‌వర్డ్ మార్చుకుని లోపలికి వెళ్లి, సేవ్ అయిన ఆప్షన్ల కాగితం ప్రింట్ తీసింది. పేజీ మొత్తానికి మూడే మూడు వరసలు. మూడు కాలేజీలూ ఒకే యాజమాన్యానివి. గుంటూరు లేదు, విజయవాడ లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలు కావడం అంటే ఇదే.

నిన్న ఆ కాగితం పట్టుకుని వెళ్లాం. నేను గొంతు పెంచకుండానే అడిగాను, ఇదేంటండీ అని. అతను కాగితం తీసుకుని చూశాడు, నీటుగా రెండు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చాడు. "ఓటీపీ చెప్పింది ఎవరు సార్? మీ అమ్మాయే కదా. అంటే మీరు ఒప్పుకున్నట్టే." అంతే, ఇంకేం చెప్పలేదు నాకు. పిల్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, లా చదివి జడ్జీ అయిపోదామనా? ఏ కాలేజీ అయితే ఏముంది, పట్టా పట్టాయే. అక్కడైతే హాజరు కూడా అడగరు. హాయిగా ఇంట్లో ఉండి సంబంధాలు చూసుకోవచ్చు." పక్క టేబుల్ దగ్గర ఉన్న కుర్రాడు పకపకా నవ్వాడు.

పద్దెనిమిదేళ్ల పిల్లని, తండ్రి పక్కన నిలబడి ఉండగా. మేం డబ్బులిచ్చి మరీ అనిపించుకున్నాం.

పిల్ల మాత్రం తడబడలేదు. "పాతిక పెట్టానన్నారు కదండీ, మిగతా ఇరవై రెండు ఏవండీ?" అంది. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగనే లేదు.

ఒరిజినల్స్ ఇవ్వమంటే మిగతా పది వేలు కడితేనే అన్నాడు. అరండల్‌పేట పోలీస్ స్టేషన్ ఎంత దూరమని బావ మామూలుగానే అడిగాడు, కవరు సొరుగులోంచి దానంతట అదే వచ్చింది. పదిహేను వేలు రాలేదు. అది "సర్వీస్ చార్జి" అట. సర్వీసు బాగానే చేశాడు, కాకపోతే మాకు కాదు, ఆ మూడు కాలేజీల వాళ్లకి. సీటుకి ఇంత అని అక్కడి నుంచి కూడా ముడుతుందని కింద జెరాక్స్ షాపతను చెప్పాడు. అతనికి తెలుసు, మనకే తెలియదు.

అసలు ఒళ్లు మండేది ఎక్కడంటే, అతను అమ్మింది మనదే. ప్రైవేటు లా కాలేజీల్లో 80 శాతం సీట్లు కన్వీనర్ కోటావే (అంటే ఈ కౌన్సెలింగ్‌లోనే నింపేవి), ర్యాంకును బట్టి వాటంతటవే వస్తాయి. మధ్యలో ఎవరి సిఫారసూ పనిచేయదు. మనం చేయాల్సిందల్లా ఇష్టమైన కాలేజీలు వరసగా పెట్టుకోవడం, ఆ ఒక్క పనికే పాతిక వేలు.

తొందరగా నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఆప్షన్లు ఇంట్లో కూర్చుని మీరే పెట్టండి, ఎన్ని పెట్టినా అదనంగా రూపాయి ఖర్చు లేదు. గడువు అయ్యేలోపు మార్చుకోవచ్చు కాబట్టి సేవ్ చేసిన కాగితం ప్రింట్ తీసి పెద్దవాళ్లకు ఒకసారి చూపించండి. ఓటీపీ, పాస్‌వర్డ్, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వద్దు. మేనేజ్‌మెంట్ సీటంటే (కాలేజీ వాళ్లే ఇచ్చుకునేది) ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని గుర్తుంచుకోండి. కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చేరకముందే చూసుకోండి. హాజరు అక్కర్లేదనే కాలేజీ జోలికే పోవద్దు, బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే 70 శాతం అని ఉంది.

మా పిల్ల ఆ కాలేజీలో చేరడం లేదు. రెండో విడత ఆప్షన్లకు కాలేజీల లిస్టు తనే నోట్‌బుక్కులో రాసుకుంటోంది, నన్ను దగ్గరికి కూడా రానివ్వడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫిర్యాదు చేస్తున్నాను. అక్కడ డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, ముఖ్యంగా ముద్ర వేసిన రసీదు దగ్గరున్నవాళ్లు, నాకు మెసేజ్ పెట్టండి. మాకిచ్చింది తెల్ల కాగితం మీద గీసిన సంతకం, దాని మీద సంస్థ పేరు కూడా లేదు.