ఏడు చలికాలాలు వాడాక: మా 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్

విశాఖ మధురవాడలో ఫ్లాట్‌లోకి దిగిన ఏడాదే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ కొన్నాం. షాపతను "3 కిలోవాట్లు సార్, తిప్పగానే పొగలు కక్కుతుంది" అన్నాడు. తీరా కుళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు గోరువెచ్చగా కూడా లేవు. "దీనికంటే మన కాగే నయంరా" అనేసింది అమ్మ.

తప్పు గీజర్‌ది కాదు. 3 కిలోవాట్లంటే నిమిషానికి ఎంత వేడి ఇస్తుందో చెప్పే లెక్క. ఎన్ని నీళ్లకన్నది మన చేతిలో ఉంది. నిమిషానికి ఒక లీటరు పారితే దాదాపు 43 డిగ్రీలు పెరగాలి, ఏడు లీటర్లు వదిలితే 6 డిగ్రీలే. మా ఆవిడ పాకానికి వాడే థర్మామీటర్ పట్టుకెళ్లి చూశాను. జనవరిలో ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు. ధార పెన్సిలంత సన్నం చేస్తే నిమిషానికి రెండున్నర లీటర్లు, 41 డిగ్రీలు. 20 లీటర్ల బకెట్‌కి 8 నిమిషాలు, 0.4 యూనిట్ కరెంటు. గీజర్‌లోకి నీళ్లు వదిలే చిన్న కుళాయి, అదే యాంగిల్ కాక్ మీద ఆ రోజు పెట్టిన గోళ్లరంగు గుర్తు ఇంకా ఉంది.

భోగి తలంటుకు ఆరుగురు వరుస కట్టినా ఇబ్బంది లేదు. అక్కావాళ్ల 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ 60 డిగ్రీలకు రావడానికి 20 నిమిషాలు పడుతుంది. ఒకటిన్నర బకెట్ అయ్యాక మళ్లీ ఎదురుచూపులే. "మాదానికి స్టార్లున్నాయిగా" అంటుంది. ఆ స్టార్లు కాగిన నీళ్ల వేడి ఎంత తక్కువ పోతుందో చెప్పేవి, ఎంత త్వరగా కాస్తుందో కాదు.

మీద రాసిన వాట్లు నమ్మి ఇంగ్లండ్‌లో ఉన్న తమ్ముడికీ ఇదే చిక్కొచ్చింది. అక్కడ గదులకు వేడినీళ్లు తిరిగే రేడియేటర్లు. దానిమీద 1000 వాట్లని ఉంటే, నీళ్లు సగటున 70, గది 20 డిగ్రీలు ఉన్నప్పటి మాట. బిల్లు తగ్గుతుందని నీళ్లు 50కి దించాడు, వేడి సగానికి పడిపోయింది.

మాది బోరు నీళ్లు. మూడో ఏడు ఎలిమెంట్ కాలిపోయింది, విప్పితే రూపాయి బిళ్లంత మందాన సున్నం. ఉప్పుగాలికి గోడ బోల్టులూ తుప్పు పట్టాయి. ఇది 13 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంప్స్ పవర్ ప్లగ్ తప్పదు. వదులు ప్లగ్ ఒకటి మా ఇంట్లోనే కరిగింది.

ఇది పాడైపోతే మళ్లీ ఇలాంటిదే కొంటాను. కొండలమీది పాడేరులో ఉంటే మాత్రం కొనేవాణ్ణి కాదు, అక్కడి చల్లటి నీళ్లకి బకెట్ నిండేసరికి ఆఫీసు టైమైపోతుంది. ఇక్కడ ఏప్రిల్ వస్తే స్విచ్ పనే లేదు, మేడమీద నల్ల ట్యాంకు నీళ్లే బకెట్‌లో పట్టి చల్లార్చుకోవాలి.