లెనిన్‌కి ఎక్కువ దూరం జరిగింది పుతినా, షీ జిన్‌పింగా?

ఉక్రెయిన్ గురించి రాసినప్పుడల్లా ఇదే ప్రశ్న: మైనారిటీ జాతుల విషయంలో లెనిన్ బాట (ప్రతి జాతికీ తన భాష, తన ప్రాంతం, కావాలంటే విడిపోయే హక్కు) ఎక్కువగా వదిలేసిందెవరు?

మాటల్లో అయితే పుతినే. లెనిన్ రష్యా అనే ఇంటి కింద అణుబాంబు పెట్టాడని 2016లోనే అన్నాడు. 2022 ఫిబ్రవరి 21న, సైన్యం కదలడానికి మూడు రోజుల ముందు, ఉక్రెయిన్ లెనిన్ కట్టిన దేశమన్నాడు. కోపమంతా సోవియట్ రిపబ్లిక్కులకి లెనిన్ ఇచ్చిన విడిపోయే హక్కు మీద. 1922లో స్టాలిన్ అన్నిటినీ రష్యాలోనే స్వయంప్రతిపత్తి ప్రాంతాలుగా కలిపేద్దామన్నాడు, లెనిన్ ససేమిరా అన్నాడు. ఆ తగాదాలో పుతిన్ స్టాలిన్ పక్షం. (ఆ హక్కును రాజ్యాంగంలోంచి తీసెయ్యలేదని స్టాలిన్ కాలాన్నీ తప్పుపట్టాడు, అది వేరే సంగతి.)

షీకి ఆ తలనొప్పి లేదు. 1931లో తాను నడిపిన జియాంగ్షీ సోవియట్ ప్రభుత్వ రాజ్యాంగంలో విడిపోయే హక్కు రాసుకున్న చైనా కమ్యూనిస్టు పార్టీ, 1949 నాటికి స్వయంప్రతిపత్తితో సరిపెట్టేసింది. 1984 స్వయంప్రతిపత్తి చట్టం ఇప్పటికీ ఉంది. ప్రాంతాల పేర్లూ మారలేదు.

నేను మాత్రం బడిపిల్లల చేతిలో పుస్తకం చూస్తాను. 1940ల్లో మన కమ్యూనిస్టులు విశాలాంధ్ర అడిగింది ఈ జాతుల సిద్ధాంతంతోనే కదా, భాష ఎంత ముఖ్యమో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

2020 సెప్టెంబరులో చైనాలోని మంగోలుల స్వయంప్రతిపత్తి ప్రాంతం ఇన్నర్ మంగోలియాలో బడులు తెరిచేసరికి ఒకటో తరగతికీ ఏడో తరగతికీ భాషా సాహిత్యం పుస్తకం చైనీస్‌లోకి మారిపోయింది. తర్వాత రాజకీయం, ఆ తర్వాత చరిత్ర. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు, వీధుల్లోకొచ్చారు. విచిత్రమేమిటంటే, స్వతంత్ర మంగోలియా సోవియట్ ప్రభావంలో సిరిలిక్‌కి (రష్యన్ లిపికి) మారితే, పైనుంచి కిందికి రాసే ఆ పాత మంగోల్ లిపిని బడుల్లో నిలబెట్టింది కమ్యూనిస్టు చైనాయే! ‘చైనా జాతి ఒక్కటే’ అన్న స్పృహ గట్టిపడాలన్న షీ మాట 2017లో పార్టీ నియమావళిలోకి ఎక్కింది. పుస్తకాలు మారింది ఆ ఊపులోనే.

రష్యాలోనూ కోత పడింది. రష్యాలోని టాటర్ల రిపబ్లిక్ టాటర్‌స్తాన్ బడుల్లో అందరికీ తప్పనిసరైన టాటర్ భాష, 2018 చట్టంతో తల్లిదండ్రులు కావాలని రాసిస్తేనే చెప్పే పాఠమైంది. అయినా రాసిచ్చే వీలుంది. ఇన్నర్ మంగోలియా రాజధాని హోహోట్‌లో ఆ కాగితం కూడా లేదు. అందుకే నా లెక్కలో ఎక్కువ దూరం జరిగింది షీయే, లెనిన్‌ని పల్లెత్తు మాట అనకుండానే.

వియత్నాం సంగతి కూడా అడుగుతున్నారు. అక్కడ స్వయంప్రతిపత్తి మండలాలను 1975లోనే ఎత్తేశారు, ఇంక పోల్చడానికేముంది.

షీ ఎక్కువ దూరం జరిగాడన్నాను కదా అని పుతిన్‌కి మార్కులు వేస్తున్నానని అనుకోకండి. 1944లో స్టాలిన్ తరిమేసిన క్రిమియా టాటర్లకి అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూ 2014 ఏప్రిల్‌లో సంతకం పెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి, 2016లో, వాళ్ల ప్రతినిధి సభ మెజ్లిస్‌ని రష్యా కోర్టులు నిషేధించాయి.