నాలుగు ఇసుక మూటల ట్రక్కు: అయిదేళ్ల వాడకం తరవాత

ముందే చెబుతున్నాను, కంపెనీ పేరు రాయను. మెచ్చుకుంటే డబ్బు తీసుకున్నానంటారు, తిడితే పగ పట్టానంటారు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, వెనక చక్రాలకే శక్తి అందే బండి, సుమారు 740 కిలోల బరువు మోస్తుంది. జపాన్ వాళ్ల చిన్న ట్రక్కుల వంశంలో పుట్టి, మన దేశపు అవసరాలకు తగ్గట్టు కాస్త పెరిగింది. గాజువాకలో బోరు మోటార్లు, పైపులు అమ్మి బిగించే దుకాణం నాది. వారానికి రెండుసార్లయినా పాడేరు, చింతపల్లి, అరకు వైపు పని పడుతుంది. ఇప్పటికి లక్షా ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది.

కొన్న మొదటి వానాకాలంలోనే ఈ బండి స్వభావం తెలిసింది. పాడేరు దాటాక ఒక కాఫీ తోటకి మోటారు, కేబులు, పైపులు తీసుకెళ్లాం. దారిలో చిన్న గెడ్డ (వాగు), అవతలి గట్టు ఎర్రమట్టి. నిండు లోడుతో మొదటి గేరులో మారు మాట లేకుండా ఎక్కేసింది. సాయంత్రం పని ముగించుకుని ఖాళీ బండితో తిరిగి వస్తుంటే అదే గెడ్డ దగ్గర ఇవతలి గట్టు ఎక్కనంది. అది మొదటిదానికంటే తక్కువ వాలు! వెనక చక్రం ఒకటే గిర్రున తిరుగుతోంది, రెండోది చలనం లేకుండా చూస్తోంది. రాళ్లు పెట్టాం, కొమ్మలు విరిచి వేశాం. మా దుకాణం కుర్రాడు భుజం ఆనించి నెట్టి, నడుం దాకా బురద పూయించుకున్నాడు. గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న తోట యజమాని చివరికి నోరు విప్పాడు. "బరువంతా మా తోటలో దించేశారు కదా బాబూ, ఇంక దానికి పట్టు ఎక్కడిది?" అని, ఇద్దరు పనివాళ్లను పిలిచి, మా కుర్రాడితో కలిపి వెనక తలుపు దగ్గర నిలబెట్టి, తానూ ఎక్కాడు. క్లచ్ మెల్లగా వదిలాను. బండి ఏమీ జరగనట్టు గట్టెక్కింది. (సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని తెలుసు. ఆ పది గజాలకు మన్నించాలి.)

ఇంటికి వచ్చి ఆలోచిస్తే విషయం సులువే. ఇంజను మన సీటు కింద ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీద, తోసే పని మాత్రం వెనక చక్రాలది. పైగా 740 కిలోల కోసం వేసిన కమాను పట్టీలు ఖాళీ బండిని గుర్రంలా ఎగరేస్తాయి. ఒక చక్రం పట్టు తప్పితే, రెండు వెనక చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ శక్తినంతా దానికే పంపిస్తుంది. అందుకే వానాకాలం నాలుగు నెలలూ వెనక ఇరుసు మీదుగా నాలుగు ఇసుక మూటలు ఉంచుతాను, ఒక్కొక్కటి నలభై కిలోల పైనే. మరీ జారుడుగా ఉంటే అందులోదే దోసెడు ఇసుక చక్రం కింద చల్లవచ్చు.

ఎక్కడం సంగతి అది. దిగేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో రెండో గేరు దాటను. ఒకసారి తొందరపడి మూడో గేరులో బ్రేకు మీద కాలుంచి దిగితే, కింద ఆగేసరికి లైనర్లు కాలిన కంపు. వెనక్కి నడపడం ఇంకో తలనొప్పి. లోడుతో ఎత్తు మీదకు రివర్సులో పోవాలంటే క్లచ్ తినేస్తుంది. అరవై ఒక్క వేల దగ్గర ప్లేటు మార్పించాను. ఆటోనగర్ మేస్త్రి పాత ప్లేటు చేతిలో పెట్టి, "ఇది అరిగింది కాదండీ, మీరు కాల్చింది" అన్నాడు. కాదనలేకపోయాను.

బాడీ ఏడడుగులు, పైపు ఇరవై అడుగులు. ఈ లెక్క ఏ కంపెనీ తీర్చదు. క్యాబిన్ పైదాకా ఇనుప ఫ్రేము వెల్డింగు చేయించి, పైపులు దాని మీద వేసి, రెండు కొసలకూ ఎర్ర గుడ్డ కట్టి తీసుకెళ్తున్నాను. ఘాట్ మలుపుల్లో మాత్రం ఆ కొస ఎక్కడ తగులుతుందోనని ప్రాణం పైపులోనే ఉంటుంది. కొండ పనులకు ఇప్పుడు వీలైనంతవరకు చుట్టలుగా వచ్చే నల్ల పైపే వాడుతున్నాం.

క్యాబిన్ ఇద్దరికే, అదీ పొట్టివాళ్లకి. ఎండాకాలం మధ్యాహ్నం సీటు కింద నుంచి సెగ తగులుతుంది. ఆయిలు చూడాలంటే సీటు ఎత్తాలి, అంటే సీటు మీద పెట్టిన బిల్లు పుస్తకం, నీళ్ల సీసా, అన్నం డబ్బా అన్నీ దించాలి. పెద్ద లారీ వెనక్కీ ముందుకీ తంటాలు పడే చోట మాత్రం ఒక్క తిప్పుతో తిరిగొస్తుంది. ఆ సుఖం ముందు ఈ కష్టం పెద్దగా అనిపించదు.

మైలేజీ హైవే మీద పద్నాలుగు, ఘాట్‌లో పదకొండు. సీఎన్‌జీ రకం తీసుకుంటే ట్యాంకు బరువుకు లోడు తగ్గుతుంది, కొండల్లో బంకులు వెతుక్కోవాలి. కాబట్టి పెట్రోలే మంచిదనుకున్నాను. మొత్తం బరువు మూడు టన్నుల లోపు కాబట్టి పర్మిట్ గొడవ లేదు. మామూలు కారు లైసెన్సుతో ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చాక, మా కుర్రాడిని ఆపే వాళ్లకు జవాబు చెప్పడం తేలికైంది.

ఇక తుప్పు. తప్పు పూర్తిగా నాది. మా బావమరిది కోసం మూడు వారాలు ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల పెట్టెలు తోలాను. మంచు కరిగిన ఉప్పునీరు బాడీ అతుకుల్లోకి దిగింది. అది చాలదన్నట్టు, గీతలు పడకుండా రబ్బరు పట్టా పరిచాను. ఆరు నెలల తరవాత పట్టా ఎత్తి చూస్తే రంగు అప్పడంలా పొంగి ఉంది, వేలితో నొక్కితే పొడి రాలింది. విశాఖలో సముద్రపు గాలి చాలు, ఉప్పునీళ్లు మనం పోయనక్కర్లేదు. పట్టా పారేసి, ఇప్పుడు వారానికోసారి మంచినీళ్లతో అడుగు కూడా కడిగిస్తున్నాను.

అమెరికాలో మా మేనల్లుడు ఈ మధ్య 1997 నాటి సుజుకీ క్యారీ అనే జపాన్ చిన్న ట్రక్కు కొన్నాడు. అక్కడ పాతికేళ్లు దాటిన విదేశీ బండిని తెచ్చుకోవడానికి అనుమతి ఉంది, రోడ్డెక్కించాలంటే మాత్రం ఒక్కో రాష్ట్రానిది ఒక్కో మాట. 660 సీసీ ఇంజను, పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, మోసేది 350 కిలోలే. కానీ నాలుగు చక్రాలకూ శక్తి, అతి నెమ్మది గేరు ఉన్నాయి. జపాన్‌లో పొలాల కోసం చేసిన కొన్ని రకాల్లో రెండు చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పే డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంటుంది. వీడియో కాల్‌లో మంచు గట్టు ఎక్కించి చూపించాడు. "మామయ్యా, నీ ఇసుక మూటలు నాకు అవసరం లేదు" అన్నాడు. హైవే మీద ఎంతలో పోతోందని అడిగితే మాట మార్చాడు. స్టీరింగు కుడివైపు ఉండటం అక్కడివాళ్లకు వింత, మావాడికి సొంత ఊరికి వచ్చినట్టుందట. నేర్చుకున్నది ఈ నా ట్రక్కు మీదే కదా.

నాకూ ఒకటి తెప్పించుకోవాలనిపించింది. మన దగ్గర మూడేళ్లు దాటిన పాత బండి దిగుమతికే వీల్లేదు, సుంకం లెక్క వేరే. అయినా 350 కిలోలంటే నా పైపుల సగం లోడు. గెడ్డ దాటడానికి రెండు ట్రిప్పులు వేయాలి. గట్టు ఎక్కే సరదా మావాడికి ఉండనీ.

రోజూ బురద దారులే అయితే ఈ రకం కొనకండి, ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ చూసుకోండి. పదింట తొమ్మిది రోజులు తారు రోడ్డు, పదో రోజు కొండ అయితే ఇది చాలు. ఈసారి ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లేలోపు అడుగు గీకించి రంగు వేయించాలి. అప్పుడు మూటలు ఎలాగూ దించాలి. ఒకటి చిరిగి, ఘాట్ అంతా సన్నగా ఇసుక కారుస్తోంది.