చిత్తడి అభయారణ్యంలో గడ్డిని ఎవరికి అప్పగించాలి: గేదెకా, కొడవలికా, ప్రకృతికా?

చిత్తడి నేలను అభయారణ్యంగా ప్రకటించగానే చుట్టూ కంచె వేసి, పశువులను బయటికి తోలి, కొడవలి పట్టుకున్న మనిషిని గేటు దగ్గరే ఆపేయడం చాలాచోట్ల మొదటి పనిగా జరుగుతుంది. అడవికి పనికొచ్చే ఈ పద్ధతి లోతు తక్కువ నీటి దగ్గర తరచుగా ఎదురు తిరుగుతుంది. బాతు దిగడానికి తెరిపి నీరు, ఉల్లంకి పిట్ట ముక్కు దించడానికి మెత్తటి బురద, జకానా అనే పొడవు వేళ్ల నీటి పక్షి నడవడానికి నీటిపై పరచుకున్న తామరాకులు ఉండాలి. జమ్ము, కిక్కిస, తుంగ అడ్డూ అదుపూ లేకుండా పెరిగితే ఈ మూడింటికీ చోటు మిగలదు. అందువల్ల ఎవరూ ముట్టుకోకుండా వదిలేయడం, గేదెలను మేపడం, మనుషులతో కోయించడం అనే మూడు దారుల్లో ఏది మేలో తేల్చుకోక తప్పదు.

వదిలేస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చూపించింది. అక్కడి సుమారు 29 చదరపు కిలోమీటర్ల కేవలాదేవ్ పార్కు సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. గట్లు కట్టి, తూములతో నీటిని మళ్లించి, బాతుల వేట కోసం రాజులు తీర్చిదిద్దుకున్న పల్లపు నేల అది. చుట్టుపక్కల గ్రామాల గేదెలు ఎన్నో ఏళ్లుగా అక్కడే మేసేవి. 1982లో జాతీయ ఉద్యానవనం కావడంతో అదే ఏడాది మేతను నిషేధించారు. గ్రామస్థులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పక్షుల మేలు కోరి తీసుకున్న ఆ నిర్ణయం తరువాత పాస్పాలం అనే పాకుడు గడ్డి నీటి మీద చాపలా అల్లుకుపోయింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం చివరకు గేదెల మేత ఆ తడినేలకు ఉపకారమే చేస్తోందని తేల్చింది. నీటి కొరత, సమతూకం తప్పిన మేత కారణంగా 1990లో తడినేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం వారు ఈ చోటును ముప్పులో ఉన్న తడినేలల జాబితాలో చేర్చారు. బురదలో తుంగ దుంపలు తవ్వుకు తినే సైబీరియా కొంగలకు ఈ గడ్డి అల్లిక అడ్డమైంది. అవి ఆ తరువాత భరత్‌పూర్‌కు రావడమే మానుకున్నాయి. అందుకు వలస దారిలో జరిగిన వేట కూడా కారణం కాబట్టి నేరమంతా గడ్డి మీదే మోపడం న్యాయం కాదు.

గేదె ఈ పనికి ఎందుకు తగినదో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. ఆవు సాధారణంగా ఒడ్డు గడ్డి దగ్గరే ఆగిపోతుంది. గేదె మాత్రం పొట్ట మునిగే దాకా దిగి, నీటిలోని లేత మొలకలను కూడా పీకి తింటుంది, పొర్లిన చోట గడ్డి విరిగి చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నీరు ఇంకక ముందే పురుగులు చేరతాయి, వాటి కోసం కొంగ వచ్చి నిలబడుతుంది. పేడ కూడా పురుగులకు మేతే. అయితే మంద పెద్దదైతే ఈ లెక్కంతా తలకిందులవుతుంది: ఒడ్డున గుడ్లు పెట్టే తీతువుకు గిట్టల వల్ల దిక్కు ఉండదు, నీరు పేడతో చిక్కబడి నాచు పెరుగుతుంది. పశువులను వదిలి లెక్క మరిచిపోతే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లోని ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే తడినేల అభయారణ్యం చెబుతుంది. అక్కడ గుర్రాలనూ పశువులనూ ఎర్ర జింకలనూ మనిషి జోక్యం లేకుండా పెరగనిస్తే, 2017-18 చలికాలంలో మేత చాలక 3,000కు పైగా జంతువులు పోయాయి. వాటిలో చాలావాటిని అప్పటికే లేవలేని స్థితిలో ఉన్నందున కాల్చి చంపాల్సి వచ్చింది.

కొడవలికి ఉన్న గొప్ప గుణం కచ్చితత్వం. ఎక్కడ కోయాలో, ఎక్కడ వదలాలో మనిషికి చెప్పవచ్చు, గేదెకు చెప్పలేము. ఇంగ్లండ్‌లోని వికెన్ ఫెన్ అనే తడినేలలో తుంగజాతి గడ్డిని శతాబ్దాలుగా కొన్నేళ్లకొకసారి కోస్తూ వచ్చారు. కోత మానిన చోటల్లా పొదలు కమ్ముకున్నాయి. జమ్మును కోసే వారికి మాత్రం ఒక మెలకువ తెలిసి ఉండాలి. జమ్ము కాడను అడ్డంగా విరిచి చూస్తే లోపల జల్లెడలా గాలి గదులు కనిపిస్తాయి; ఎండిన కాడ కూడా ఆ గదుల ద్వారా బురదలోని దుంపకు గాలిని అందిస్తుంది. నీటికి పైన కోస్తే దుంపకు ఏమీ కాదు, కొద్ది రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. నీటి మట్టానికి దిగువన కోసి, మోడు మునిగే ఉండేలా చూస్తే, ఆ గాలి దారిలోకి నీరు చేరి దుంప ఊపిరాడక కుళ్లుతుంది. నిప్పు పెట్టడం ఎందుకు పెద్దగా ఫలించదో కూడా ఇందులోనే ఉంది: మంట పైన ఎండుగడ్డిని కాలుస్తుంది, బురదలోని దుంపను తాకలేదు. అందుకే నిప్పును నేను ఈ పోటీలోకే తీసుకోలేదు.

నా తీర్పు ఇది. ఏటా వరద వచ్చి పాత గడ్డిని కొట్టుకుపోయి, కొత్త బురదను పరిచే నదీతీర తడినేలలో వదిలేయడమే మేలు, అక్కడ ఆ పని వరద చేస్తుంది. గట్ల మధ్య, తూముల మీద బతికే నీటికి ఆ భాగ్యం లేదు కాబట్టి అక్కడ గేదెలే మొదటి ఎంపిక, అయితే లెక్కపెట్టిన మందగా, నీరు తగ్గుతున్న నెలల్లో, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో పూర్తిగా బయటికి పంపే షరతు మీద మాత్రమే. కొడవలి గేదె వెనకాల రావాలి, గేదె వదిలేసిన ముదురు జమ్ము కోసం. గుర్రపుడెక్క సంగతి వేరు: అది నీటిని కప్పేసిన చోట గేదె మేత ఏమాత్రం చాలదు, కోస్తే విరిగిన ముక్కలు తేలిపోయి మరోచోట నాటుకుంటాయి. దాన్ని వేళ్లతో సహా లాగి, నీరు చేరని దూరంలో గట్టు అవతల పోయాలి.